దొరికిన వస్తువు ఎవరిది?

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్లలో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. వంటసామాను అట్టపెట్టెల్లోకి, పుస్తకాలు ట్రంకుపెట్టెలోకి చేరతాయి. టి.సి., మార్కుల జాబితాలు, అమ్మ నగలు మాత్రం ఒక చేతిసంచిలో ఉంటాయి. ఆ సంచిని రైల్లోనో ఆటోలోనో మరిచిపోతే? అది తిరిగి మన ఇంటికి రావడం ముక్కూ మొహం తెలియని ఒకరి మంచితనం మీద ఆధారపడి ఉంటుంది.

అలాంటి మంచితనం లోకంలో ఎంత ఉంది? 2019లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. భారతదేశంతో సహా 40 దేశాల్లోని 355 నగరాల్లో 17,000కు పైగా పర్సులతో దాన్ని చేశారు. బ్యాంకులు, పోస్టాఫీసులు, హోటళ్ల వంటి చోట్ల పనిచేసేవారికి "ఇది వీధిలో దొరికింది" అని చెప్పి పర్సు ఇచ్చి వెళ్లిపోయారు. పర్సులో యజమాని ఈ-మెయిల్ చిరునామా ఉంది. డబ్బు లేని పర్సుల్లో నూటికి 40 విషయంలో యజమానికి కబురు అందింది. డబ్బున్న పర్సుల్లో అది నూటికి 51కి పెరిగింది! చాలామంది ఇందుకు విరుద్ధంగా జరుగుతుందని ఊహించారు. తాళంచెవి లేని పర్సులకంటే తాళంచెవి ఉన్న పర్సులకు ఎక్కువమంది స్పందించారు. ఆ తాళంచెవి దొరికినవారికి ఎందుకూ పనికిరాదు, పోగొట్టుకున్నవారికి మాత్రం అది లేనిదే గడవదు. ఎదుటివారి ఇబ్బందిని తలచుకుని కబురు పంపినవారూ ఉన్నారన్నమాట.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 71వ సెక్షన్ ప్రకారం, దొరికిన వస్తువును తీసుకున్న వ్యక్తి దానికి యజమాని కాడు. ఎవరో నమ్మి దాచమని అప్పగించిన వస్తువును ఎంత జాగ్రత్తగా చూడాలో, దీన్నీ అంతే జాగ్రత్తగా చూడాలి. రైల్వే రక్షక దళం ప్రయాణికులు పోగొట్టుకున్న సామాను తిరిగి అప్పగించే పనికి 'ఆపరేషన్ అమానత్' అని పేరు పెట్టింది. అమానత్ అంటే నమ్మి అప్పగించిన సొత్తు. చట్టం చెప్పిన మాటే ఆ పేరులోనూ ఉంది.

అయితే తిరిగి ఇవ్వడమంటే ఆశపడకుండా ఉండటం ఒక్కటే కాదు. తన పని ఆపుకోవాలి, యజమాని ఎవరో వెతకాలి, ఫోను చేయాలి, ఒక్కోసారి సొంత ఖర్చుతో వెళ్లి ఇవ్వాలి. అందుకే అలాంటివారికి మనం రుణపడి ఉంటాం.

మరి మనం ఏం చేయాలి?

1. బడిలో ఏదైనా దొరికితే టీచరుకు, బయట దొరికితే పెద్దలకు చెప్పి పోలీసులకు అప్పగించాలి.

2. రైల్లోగాని స్టేషన్‌లోగాని ఎవరూ లేని సంచి కనిపిస్తే ముట్టుకోకూడదు. వెంటనే రైల్వే పోలీసులకు చెప్పాలి.

3. "అది నాదే" అని ఎవరైనా వస్తే రంగు, గుర్తులు, లోపలి వస్తువులు అడిగి తెలుసుకున్నాకే పెద్దల ద్వారా ఇవ్వాలి.

4. రైల్లో మన సామాను మరిచిపోతే 139కి ఫోను చేయాలి. రైలు, బోగీ, బెర్తు నంబర్లు చెప్పగలిగితే వెతకడం సులువు.

5. పెట్టెల మీద పేరు, నాన్నగారిదో అమ్మగారిదో ఫోను నంబరు రాయాలి. పాత ఊరి చిరునామా రాస్తే, ఇవ్వాలనుకున్న మంచిమనిషి తాళం వేసిన క్వార్టర్ దగ్గరికి వెళ్లి వెనుదిరగాల్సి వస్తుంది.

రెండు మూడేళ్లకొక ఊరు మారే మనం ప్రతిచోటా మొదట కొత్తవాళ్లమే. ఆ ఊరివాళ్లూ మనకు కొత్తవాళ్లే. ఒకరి వస్తువు ఒకరు భద్రంగా తిరిగి ఇచ్చిన రోజున ఆ కొత్తదనం కొంత తగ్గుతుంది.

ఆలోచించి చెప్పండి:

అ) తాళంచెవి ఉన్న పర్సులకు ఎక్కువమంది ఎందుకు స్పందించారు?

ఆ) మీ పెన్సిల్ పెట్టె పోతే, దొరికినవారు అది మీదేనని ఎలా గుర్తిస్తారు?