కార్బన్ సొమ్ముతో గాలిమరా? ముందు లెక్క చూడండి

చేను గట్టునో, రొయ్యల చెరువు పక్కనో చిన్న గాలిమర పెట్టుకుంటే ఖర్చంతా బొగ్గుపులుసు వాయువు తగ్గించినందుకు టన్ను లెక్కన అమ్ముకునే కార్బన్ క్రెడిట్లే భరిస్తాయని ఎవరైనా యానాం రైతు దగ్గరికి వస్తే, సంతకానికి ముందు లెక్క వేసుకోవాలి. ఒక కిలోవాటు మర ఏడాదికి వెయ్యి యూనిట్లు ఇస్తుందనుకుందాం, మన వైపు అది ఉదారమైన అంచనాయే. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది కనుక, మర వల్ల తగ్గేది 700 కిలోలు, అంటే టన్ను కూడా కాదు. ఇక ధర. ఆదిలాబాద్ ప్రాంతంలోని పవర్‌గూడ మహిళలు డీజిల్‌కు బదులు కానుగ నూనె లెక్క చూపి, 2003లో 147 టన్నుల తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు అమ్మితే వచ్చింది 645 డాలర్లు. ఆ ధరన మన మరకు ఏడాదికి మూడు డాలర్లు. నేడు పదింతలు పలికినా ముప్ఫై. మరకూ స్తంభానికీ బ్యాటరీకీ కలిపి లక్ష రూపాయలు దాటే చోట ఈ సొమ్ము ఏ మూలకు? తగ్గింపును ధ్రువీకరించే తనిఖీదారుల ఫీజుకే చాలదు.

ఊరంతా కలిస్తే గిట్టదా అనొచ్చు. తనిఖీ ఖర్చు పంచుకోవచ్చు, నిజమే. పవర్‌గూడలోనూ అమ్మింది సంఘమే. కానీ పదిమంది కలిసినంత మాత్రాన గాలి పెరగదు. గాలి వేగం సగమైతే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పెద్ద మరలు గాలి బాగా వీచే రామగిరి గుట్టలెక్కడానికి కారణం అదే. మన దగ్గర కొబ్బరి తోటలు గాలిని విరిచేస్తాయి. చుట్టూ వంద మీటర్లలో ఉన్న చెట్ల తలలకన్నా పది మీటర్ల ఎత్తున మర తిరగాలి. అంత స్తంభం ఎవరు కొంటారు?

మరకు బదులు సోలార్ పెట్టుకోమంటే, అది రాత్రి పనిచేయదు, చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరగాల్సింది రాత్రే కదా అన్నది గట్టి ప్రశ్నే. అయితే ప్రాణవాయువు చాలక రొయ్య గట్టు వెంట చేరి నీటి పైకి తేలేది గాలి స్తంభించిన తెల్లవారుజామున. గాలి వీస్తున్నప్పుడు నీరు తానే కదిలి కొంత ప్రాణవాయువు పట్టుకుంటుంది. అంటే కరెంటు అత్యవసరమైన ఘడియలోనే మర ఆగిపోతుంది. గ్రిడ్ లైను, డీజిల్ జనరేటరు ఎటూ తప్పవు. పగటి మోటారుకు సోలార్ చాలు.

ఇప్పటికే మర ఉన్నవారు స్తంభాన్ని పట్టి ఉంచే గై వైర్లు బిగించి, తుపాను హెచ్చరిక రాగానే రెక్కలు దింపేయండి. 1996 నవంబరు 6 నాటి గాలి ఈ తీరానికి తెలుసు. కొత్తగా కొనదలచినవారు మర తిరిగే ఎత్తునే గాలివేగం కొలిచే పరికరం పెట్టి ఏడాది చూడండి. క్రెడిట్ ఎవరి పేరున నమోదవుతుందో, సొమ్ము తనిఖీకి ముందు వస్తుందో తర్వాత వస్తుందో తెలుగులో రాసివ్వని కాగితం మీద వేలిముద్ర వేయకండి.