క్రిస్మస్ గిఫ్ట్: పిల్లల సొంత డబ్బుతో



పోయిన డిసెంబరులో మా ఐదో తరగతి పిల్లలు చీటీలు తీసి, ఎవరి పేరు వస్తే వాళ్లకు క్రిస్మస్ గిఫ్ట్ ఇచ్చారు. 100 రూపాయలు దాటకూడదని ముందే చెప్పాం. అయినా ఒక బాబు పెద్ద పెట్టె తెచ్చాడు. "లోపల ఏముంది నాన్నా?" అంటే, "తెలీదు మిస్, మమ్మీ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టింది" అన్నాడు. ఒక పాప మాత్రం 40 రూపాయల పౌచ్ ఇస్తూ, డబ్బు ఎలా దాచిందో, ఆ రంగే ఎందుకు కొన్నదో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. కానీ అందరూ పెద్ద పెట్టె చుట్టూ మూగారు. ఆ పాప ముఖం చిన్నబోయింది.

అందరి ముందు గిఫ్టులు విప్పించడం నా పొరపాటు. ఈసారి అలా చేయను. మీరు కూడా ఒక సాయం చేయండి: గిఫ్టును పిల్లల సొంత డబ్బుతోనే కొననివ్వండి. నవంబరు మొదటి వారంలో మొదలుపెడితే ఏడు వారాలు చేతిలో ఉంటాయి.

1. లిస్టు: ఎవరికి ఇవ్వాలి, ఒక్కొక్కరికి ఎంత అన్నది పిల్లలే రాయాలి. తరగతి స్నేహితుడు, తమ్ముడు, నానమ్మ... ముగ్గురు చాలు.

2. పొదుపు: ఫోన్‌తో స్కాన్ చేస్తే వస్తువు వస్తుందనే మన పిల్లలకు తెలుసు. డబ్బు తరగడం వాళ్లకు కనిపించదు. అందుకే పాకెట్ మనీని నోట్లు, నాణేలుగా ఇవ్వండి. మూత ఉన్న గాజు సీసాలో వేయించండి. వారానికి 10 రూపాయలు దాచినా ఏడు వారాలకు 70.

3. సంపాదన: తన కంచం తీయడం, పక్క సర్దుకోవడం, తాతయ్యకు మంచినీళ్లు ఇవ్వడం ఇంటి పనులు. వాటికి డబ్బు ఇవ్వకండి. స్కూటర్ కడగడం, పాత పేపర్లు కట్టలు కట్టి తూకం వేయించడం వంటి అదనపు పనులకు ఇవ్వవచ్చు. పేపర్లకు కిలో ఎంతో అడిగి, లెక్క వాళ్లనే కట్టమనండి.

గ్రీటింగ్ కార్డులు చేసి బంధువులకు అమ్మవచ్చు. చార్టు 10, రంగు కాగితం 5, మొత్తం ఖర్చు 15. నాలుగు కార్డులు పదేసి చొప్పున అమ్మితే వచ్చేది 40. "లాభం 40" అంటారు చాలామంది పిల్లలు. ఖర్చు తీసేస్తే మిగిలేది 25 అని వాళ్లే కనిపెట్టే దాకా ఆగండి.

4. కొనడం: అన్నిటికంటే కష్టమైనది ఇదే, అదీ మనకు! మా అమ్మ క్రిస్మస్ ముందు చీరలకు ఫాల్స్ కుట్టి మా కొత్త బట్టలకు డబ్బు కూడబెట్టేది. జాకెట్లకు హుక్స్ కుట్టినందుకు నాకు జాకెట్టుకో రూపాయి ఇచ్చేది. ఆ డబ్బుతో తమ్ముడికి జామెట్రీ బాక్స్ కొనడానికి వెళ్తే, నేను కోరినదానికి పది రూపాయలు తగ్గాయి. నాన్న జేబులో చెయ్యి పెట్టారు. "వద్దండీ, దాని డబ్బులకు వచ్చేదే కొననివ్వండి" అంది అమ్మ. ఆ రోజు కోపం వచ్చింది. చిన్న బాక్సే కొన్నాను. అందులో స్కేలు, కంపాస్ ఏం ఉన్నాయో ఇప్పటికీ చెప్పగలను.

మీ పిల్లలకూ డబ్బు తక్కువ పడవచ్చు. మీరు కలపకండి. చవకైనది వెతకనివ్వండి, లేదా చేత్తో చేయనివ్వండి.

పండగయ్యాక సీసాలో ఏమైనా మిగిలితే పోస్టాఫీసుకు తీసుకెళ్లండి. పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరు మీదే పొదుపు ఖాతా తెరవవచ్చు. అందుకు 500 రూపాయలు కావాలి. అంత లేకపోతే వచ్చే ఏడాదికి అదే లక్ష్యం. మీ ఇంట్లో క్రిస్మస్ జరుపుకోకపోతే ఇదే పద్ధతిని సంక్రాంతికి పాటించండి.

ఈసారీ తరగతి గిఫ్టుకు హద్దు 100 రూపాయలే. 20 రూపాయలదైనా, ఇంట్లో చేసినదైనా సంతోషంగా పంపండి. లోపల ఏముందో మాత్రం మీ బాబుకో పాపకో తెలిసి ఉండాలి.

ఇట్లు,
మీ ఐదో తరగతి క్లాస్ టీచర్