బ్యారెల్ అరిగేది తుడిచేటప్పుడే

మాధవరం

చి॥ సాహితికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్ను ఎన్.సి.సి. ఫైరింగ్ టీములోకి తీసుకున్నారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం అమ్మలూ. గురి, ఊపిరి, ట్రిగ్గర్ సంగతులు మీకు నేర్పే ఉస్తాద్ చెబుతాడు, వాటిలో నేను వేలు పెట్టను. నువ్వు అడిగింది రైఫిల్ తుడవడం గురించి కాబట్టి అదే రాస్తాను. మిగతావాళ్ళు టీ తాగుతుంటే కోత్ (ఆయుధాల గది) ముందు కూర్చుని చేసే చాకిరీ అని చాలామంది విసుక్కుంటారు. నన్నడిగితే పాయింట్ టూ టూ రైఫిల్ కాల్చడం వల్ల పాడయ్యేదానికంటే తుడవడం రానివాళ్ళ చేతుల్లో పాడయ్యేదే ఎక్కువ.

దాని తూటా చూశావుగా, బరువు సుమారు రెండున్నర గ్రాములే. మేము సైన్యంలో వాడిన తూటాలకి పైన గట్టి లోహపు తొడుగు ఉండేది. దీనికి అది లేదు. ఉత్త సీసం, దాని మీద పల్చటి మైనం పూత, లోపల చిటికెడు మందు. వేల తూటాలు పోయినా ఉక్కు బ్యారెల్ పెద్దగా అరగదు. అదే బ్యారెల్ మూతి అంచున, లోపలినుంచి గుడ్డ లాగి తుడిచే ఫుల్‌త్రూ తాడు రోజూ ఒకే వైపు రాసుకుంటుంటే మాత్రం కొన్నాళ్ళకి అక్కడ గాడి పడుతుంది. తూటా ఆఖరున తాకి వదిలే చోటు ఆ అంచే. అక్కడ ఒక పక్క అరిగితే వెనకనుంచి తోసుకొచ్చే గ్యాసు ఆ పక్కనుంచే ముందు తప్పించుకుని తూటాని ఒరిగేలా తన్నుతుంది. నీ గురి ఎంత బాగున్నా టార్గెట్ మీద చిల్లులు చెదిరిపోతాయి. తప్పు ఎక్కడుందో తెలియక నిన్ను నువ్వు తిట్టుకుంటావు.

అందుకని తాడుని ఎప్పుడూ తూటా పెట్టే చాంబర్ వైపునుంచే వెయ్యి. బరువున్న కొస మూతిలోంచి కిందికి దిగాక చిందీ, అంటే గుడ్డముక్క, పెట్టి, బ్యారెల్ ఎటు చూస్తోందో తాడూ అటే ఉండేలా తిన్నగా లాగు. మధ్యలో ఆపకు. చిందీ బిగువుగా జారాలి, ఇరుక్కోకూడదు. ఇరుక్కుందా, ఇద్దరు పట్టుకుని బలం చూపించకండి. తాడు తెగితే తంటా. ఉస్తాద్‌ని పిలువు. గుడ్డ మెత్తటి నూలుదే కావాలి. ఉతికిన పాత పంచె ముక్క బంగారం, టెరికాట్ పనికిరాదు. రాడ్ ఇస్తే అదీ వెనకనుంచే వెళ్ళాలి, గోడలకి తగలకుండా.

వీటన్నిటికంటే ముందు చేసేది ఒకటుంది. మ్యాగజైన్ తియ్యి, బోల్ట్ తెరువు, చాంబర్ ఖాళీగా ఉందో లేదో కళ్ళతో చూడు. పెద్ద రైఫిళ్ళకైతే చిటికెన వేలు పెట్టి తడుముతాం. దీని చాంబర్ ఆరు మిల్లీమీటర్లు కూడా ఉండదు, వేలు దూరదు. కాబట్టి వెలుతురులోకి తిప్పి చూడాల్సిందే. పక్కనున్న అమ్మాయి చూశానంటే నమ్మకు, నువ్వు చూడు. బోల్ట్ పూర్తిగా తీసి పక్కన పెట్టాకే మూతిలోంచి లోపలికి చూడాలి. చాంబర్ దగ్గర బొటనవేలి గోరు వాలుగా పెట్టావంటే వెలుగు దాని మీద పడి బ్యారెల్ లోపలంతా అద్దంలా కనిపిస్తుంది. మెలికలు తిరిగిన గాళ్ళు శుభ్రంగా మెరుస్తున్నాయా, చాంబర్‌కి కాస్త ముందు నల్లటి మసి, సీసం అంటుకుని ఉన్నాయా తెలిసిపోతుంది. తీసిన బోల్ట్ మీది నంబరు, బాడీ మీది నంబరు చూసుకునే మళ్ళీ బిగించు. నాలుగు రైఫిళ్ళు ఒకే పట్టా మీద ఉన్నప్పుడు బోల్టులు మారిపోవడం మామూలే.

.303 రైఫిళ్ళ కాలంలో ఫైరింగ్ అవగానే బ్యారెల్‌లో మరిగే నీళ్ళు పోసేవారు. అప్పటి తూటాల్లో మందుని అంటించే ప్రైమర్ కాలాక ఉప్పు మిగిలేది. అది నూనెకి లొంగదు, నీళ్ళకే కరుగుతుంది. ఇప్పటి తూటాలకి ఆ బెడద లేదు, నువ్వు నీళ్ళ జోలికి పోకు. కానీ మీ కాకినాడ గాలిలోనే ఉప్పుంది. చెమట చేత్తో ఉక్కుని పట్టుకుని అలాగే వదిలేస్తే తెల్లారేసరికి వేలిముద్రలు తుప్పుగా తేలతాయి. కాబట్టి పైనంతా నూనె గుడ్డతో ఒకసారి తుడిచి, ఆ తర్వాత చెయ్యి తగలకుండా కోత్‌లో పెట్టాలి. కోత్‌లో ఇచ్చే నూనే వాడు. ఇంట్లో ఉందని కొబ్బరినూనె తీసుకుపోకు. అది చలికి గడ్డకట్టి బోల్ట్‌ని బిగదీస్తుంది.

నూనె ఎక్కువైనా దోషమే. రాత్రి పూసిన నూనెని ఫైరింగ్‌కి ముందు పొడి చిందీతో పూర్తిగా లాగెయ్యాలి. అయినా తుడిచిన బ్యారెల్‌తో మొదటి తూటాలు కాస్త అటూ ఇటూ పోతాయి. వాటి మైనం లోపల సమంగా పరుచుకున్నాకే గ్రూపు కుదురుతుంది. అది చూసి కంగారుపడి సైట్ తిప్పెయ్యకు. ఇత్తడి బ్రష్ నీ అంతట నువ్వు తియ్యకు, సీసం పేరుకుందని ఉస్తాద్ చెప్పినప్పుడే తియ్యి.

ఖాళీ రైఫిల్‌తో టక్కుమని ట్రిగ్గర్ నొక్కే సరదా ఉందట నీకు, మీ నాన్న చెప్పాడు. ఇలాంటి తూటాల రైఫిళ్ళలో పిన్ను కొట్టేది అంచు మీద. లోపల ఏమీ లేకపోతే చాలా రైఫిళ్ళలో అది వెళ్ళి చాంబర్ అంచుకే తగులుతుంది, అక్కడ సొట్ట పడుతుంది. ప్రాక్టీసుకి డమ్మీ అడుగు, లేదా ఉస్తాద్ అనుమతితో కాల్చేసిన తూటా ఖాళీ గొట్టం, అదే ఖోకా, పెట్టుకో. ఖోకాలు లెక్కపెట్టి అప్పజెప్పాలి కాబట్టి అడక్కుండా ఒక్కటి కూడా జేబులో వేసుకోకు.

గగన్ నారంగ్‌లా ఎయిర్ రైఫిల్ పడతానని మొన్న అన్నావు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆయనకి కాంస్యం వచ్చింది దానితోనే. అందులో మందు లేదు, మసి లేదు, తుడిచే పద్ధతే వేరు. ఈ నూనె చెయ్యి దాని మీద వెయ్యకు. అది కొన్నప్పుడు వేరే ఉత్తరం రాస్తాను.

ఇంకొక్కటి. సీసం పొడి కంటికి కనిపించదు, చేతులకీ యూనిఫాం బట్టలకీ అంటుకుంటుంది, ప్రైమర్ పొగలోనూ ఉంటుంది. రేంజ్ నుంచి వచ్చాక, రైఫిల్ తుడిచాక, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్న తర్వాతే టిఫిన్ డబ్బా మూత తియ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న