పిల్లలతో నార్వే: గుడారం ఎక్కడ?

ప్రశ్న: జర్మనీలో ఉంటున్నాం. జూలైలో ఇద్దరు పిల్లలతో డెన్మార్క్, స్వీడన్ మీదుగా నార్వేకు కారులో వెళ్తున్నాం. దారిలో నచ్చిన చోట టెంట్ వేసుకోవచ్చా?

జవాబు: డెన్మార్క్‌లో కుదరదు. అక్కడ క్యాంప్‌సైట్లోనో, టెంట్లకు అనుమతించిన అడవుల్లోనో దిగండి. స్వీడన్, నార్వేల్లో మాత్రం ఆరుబయలు అందరిదీ. నార్వేలో 1957 నాటి చట్టం ఈ హక్కును రాతలో పెట్టింది. పొలం, పచ్చికబయలు కాని నేల చూసుకోండి. దగ్గర్లోని ఇంటికి 150 మీటర్లు ఎడంగా ఉండాలి. రెండు రాత్రులు దాటితే, మారుమూల కొండల్లో తప్ప, యజమానిని అడగాలి. కారును మాత్రం రోడ్డు దింపి నేల మీదికి తోలకూడదు.

నార్వేలో ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా అడవుల్లో, వాటి చెంత మంట వేయడం నిషిద్ధం. పిల్లలు ఎంత అడిగినా సరే, వంటకు గ్యాస్ స్టవ్వే వాడండి. వానల్లేక నేల బాగా ఎండినప్పుడు కొన్నిచోట్ల దాన్నీ ఆపేస్తారు, ఏ రోజుకారోజు కనుక్కోండి.

అన్ని రాత్రులూ అడవిలోనే వద్దని నా సలహా. వాన పట్టుకుంటే క్యాంప్‌సైట్లలో చిన్న చెక్క గదులు అద్దెకు దొరుకుతాయి. బట్టలు ఉతుక్కోవడానికీ, అన్నం వండుకోవడానికీ అవే సుఖం. జూలైలో రాత్రి చాలాసేపటి దాకా వెలుతురే కాబట్టి పిల్లలకు కళ్లగంతలు తప్పనిసరి.