నడచినను, లెక్క వ్రాసినను బరువు తగ్గదేల?

ఇటీవల మన గ్రామములలో తెల్లవారుజామున కాలువగట్ల మీదను, పాఠశాలల ఆవరణలలోను నడచువారి సంఖ్య పెరిగినది. వీరిలో పలువురు మధుమేహమో, రక్తపుపోటో కలిగి, బరువు తగ్గించుకొనవలెనని వైద్యుడు చెప్పగా నడక ఆరంభించినవారు. కొందరు అంతటితో ఆగక, తినినదెల్ల నోటు పుస్తకములోనో, సెల్‌ఫోనులోనో వ్రాసి కేలరీల లెక్క కూడ కట్టుచున్నారు. అయినను మూడు నెలలు గడచినను తూనికలో మార్పు కానరాకపోవుటచే, "మా వంశమే ఇంత, మా ఒళ్లే ఇంత" అని నడక మానివేయువారు కలరు. మరికొందరు రాత్రి భోజనము పూర్తిగా మాని, మధుమేహపు బిళ్లలు మాత్రము యథాప్రకారము వేసికొని, చెమటలు పట్టి కళ్లు తిరిగి పడిపోవుచున్నారు. ఊరూరు తిరుగు ఏజంట్లకు వేల రూపాయలు పోసి పొడి డబ్బాలు కొనువారును లేకపోలేదు. ఈ మూడును నష్టము కలిగించునవే.

రోగమునకు చికిత్స చెప్పుట వైద్యుల పని. కాని మేత లెక్క కట్టుట వ్యవసాయ విద్యలో భాగము. పశువునకైనను మనిషికైనను మూలసూత్రము ఒక్కటే కనుక, ఈ లెక్క ఎక్కడ తప్పుచున్నదో రైతు సోదరులకును, గ్రామోద్యోగులకును వివరించుటకు ఈ వ్యాసము వ్రాయబడినది.

పోషణ మేత, పని మేత

ఎద్దునకు పెట్టు మేతలో రెండు భాగములు కలవు. పశువు ఊరక నిలబడి యున్నను ఊపిరి పీల్చుటకు, రక్తము ప్రసరించుటకు, ఒంటి వేడి నిలుపుకొనుటకు కావలసినది పోషణ మేత. అరక కట్టినందుకు అదనముగా పెట్టునది పని మేత. 400 కిలోల ఎద్దునకు ఎండు పదార్థము లెక్కన రోజుకు 8 నుండి 10 కిలోల మేత కావలెను. దుక్కి పని లేని దినములలో తెలిసిన రైతు ఎద్దుల దాణా తగ్గించును. ఎవ్వరును చెప్పనక్కర లేదు.

అయితే అదే రైతు తన కంచము సంగతి మరచినాడు. దుక్కి ట్రాక్టరుకు పోయినది. కోత యంత్రమునకు పోయినది. మోటారు వేయుటకు రాత్రివేళ పొలము పోవు పని కూడ చాలచోట్ల తప్పినది. కంచములోని అన్నము మాత్రము నాగలి పట్టిన తాతగారి నాటిదే.

45 సంవత్సరముల వయస్సు, 5 అడుగుల 5 అంగుళముల ఎత్తు, 80 కిలోల బరువు గల పురుషుని తీసికొందము. అతడు రోజంతయు పడుకొని యున్నను శరీరమునకు సుమారు 1500 కేలరీలు ఖర్చగును. ఇది పోషణ మేత. అతడు ఒక గంటలో 5 కిలోమీటర్లు నడచినచో ఊరక కూర్చున్నదాని కంటె అదనముగా అగు ఖర్చు 200 కేలరీల ప్రాంతము మాత్రమే. 100 గ్రాముల బియ్యములో సుమారు 350 కేలరీలు కలవు. అనగా ఆ గంట నడక 60 గ్రాముల బియ్యముతో సరిపోవును. చారులోనికి మారు వడ్డించుకొనిన అన్నము దానిని మింగివేయును. పైగా నడచి వచ్చినవానికి ఆకలి హెచ్చును. "ఈ పూట నడచితిని గదా" అను ధైర్యము కూడ హెచ్చును.

ఈ సందర్భమున ఒక వింత తెలియవలెను. ఆఫ్రికాలోని టాంజానియా దేశములో హడ్జా అను వేటగాండ్ర జాతి కలదు. వారు దినమంతయు అడవిలో తిరుగుదురు. 2012 లో ప్రకటింపబడిన పరిశోధనలో, శరీర పరిమాణము లెక్కలోనికి తీసికొని చూడగా, వారి రోజు ఖర్చు పట్టణములలో కూర్చుండి పని చేయు పాశ్చాత్యుల ఖర్చు కంటె ఎక్కువ లేదని తేలినది. పని హెచ్చినపుడు శరీరము ఇతర పద్దులలో పొదుపు చేయునని శాస్త్రజ్ఞుల ఊహ. కావున నడక నొక్కదానినే నమ్ముకొని బరువు తగ్గుదుమనుట కష్టము.

అడంగలు వేరు, పొలము వేరు

"తినునది కూడ లెక్క వ్రాయుచున్నాము గదా" అని అడుగవచ్చును. అసలు చిక్కు ఇక్కడనే కలదు. అడంగలులో వ్రాసిన పంటయు, పొలములోని పంటయు ఒక్కటేనా యని తేల్చుటకు అజమాయిషీ చేయుదురు. తిండి లెక్కకు అజమాయిషీ చేయువారు లేరు.

అమెరికాలో 1992 లో ఇట్టి అజమాయిషీ ఒకటి జరిగినది. రోజుకు 1200 కేలరీల కంటె తక్కువ తినుచున్నను బరువు తగ్గుట లేదని చెప్పిన పదిమందిని శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. వారి శరీరపు ఖర్చులో లోపమేమియు కానరాలేదు. అయితే వారు వాస్తవముగా తినినదానిలో సగటున 47 శాతము వారి లెక్కలోనికి రాలేదు. చేసిన వ్యాయామమును 51 శాతము ఎక్కువగా చెప్పిరి. వీరు అబద్ధమాడినవారని తలపరాదు. ఆహారమును కంటితో అంచనా కట్టుట ఎంత కష్టమో ఈ పరీక్ష తెలుపుచున్నది. నాలుగెకరముల చేను దిగుబడిని గట్టు మీద నిలబడి చెప్పుమన్నచో మనలో ఎందరు సరిగా చెప్పగలరు? అందుకే గదా పంటకోత ప్రయోగములు పెట్టుకొన్నాము.

మా మండలములో ఒక గ్రామ రెవెన్యూ ఉద్యోగి నాలుగు నెలలు నడచి, పుస్తకము పూర్తిగా వ్రాసి, అరకిలో కూడ తగ్గక విసిగినారు. పుస్తకము చూడగా రోజుకు 1600 కేలరీలని యున్నది. వారితో కలసి మరియొక లెక్క వేసితిమి. నోటితో తినినది వదలి, నెలలో ఇంటికి వచ్చిన సరుకు చూచితిమి. నలుగురు పెద్దవారున్న ఇల్లు. నెలకు 5 లీటర్ల నూనె వచ్చుచున్నది. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగును. నలుగురికి, 30 రోజులకు పంచగా తలకు రోజుకు 38 గ్రాములు వచ్చినది. గ్రాము నూనెకు 9 కేలరీల చొప్పున ఇది 340 కేలరీలు. పుస్తకములో "నూనె 2 చిన్న చెంచాలు" అని 90 మాత్రమే పడినది. తేడా 250. తెల్లవారుజామున నడచి ఖర్చు పెట్టినది 200! మిగిలిన వివరము చెప్పనక్కర లేకయే వారికి బోధపడినది.

రెండవది టీ. గేదె పాలు 100 మిల్లీలీటర్లలో సుమారు 110 కేలరీలు కలవు. కప్పులో 50 మిల్లీలీటర్ల పాలు, 2 చెంచాల పంచదార పడినచో ఒక్కొక్క టీకి 95 వరకు వచ్చును. ఇంటి వద్ద త్రాగిన రెండును వ్రాసినారు. కార్యాలయమునకు వచ్చినవారు తెప్పించిన రెండును వ్రాయలేదు. గుప్పెడు వేరుశనగ పప్పులు, అనగా 25 గ్రాములు, 140 కేలరీలు. పొలములోనో, వరండాలోనో మాటలలో పడి నోట వేసికొనినవి పుస్తకమునకు ఎక్కవు.

ఇళ్లలోని సోదరీమణుల సంగతి వేరు. కంచములో వడ్డించుకొని తినినది వారికి జ్ఞాపకముండును. పిల్లలు వదలినది, గిన్నె అడుగున మిగిలినది పారవేయుటకు మనసొప్పక తినినది ఉండదు. సెల్‌ఫోను లెక్కలలో "ఒక కప్పు అన్నము" అని యుండును. ఆ కప్పు ఎవరి కప్పో! బియ్యము వండక ముందు కాటాలో తూచుటయే మేలు. రెండు వారములు తూచినచో, ఏ గిన్నెకు ఎంత పట్టునో ఆ తరువాత చేతికే తెలియును.

కావున నోటు పుస్తకముతో పాటు నెలకొకమారు సరుకు లెక్క కూడ వేసికొనవలెను. బియ్యము, నూనె, నెయ్యి, పంచదార, బెల్లము, పాలు ఎంత వచ్చినవి, ఎంత మిగిలినవి, ఎందరు తినినారు. చిల్లర దుకాణపు చీటీలు చాలును. ఈ జమాబందీలో బయట తినినది రాదు కనుక దానిని విడిగా వ్రాసికొనవలెను.

తేమ సంగతి

ధాన్యము కొనుగోలు కేంద్రములో తేమ 17 శాతము మించరాదను నియమము రైతులందరికిని తెలిసినదే. 22 శాతము తేమ గల 100 కిలోల ధాన్యమును 17 శాతమునకు ఆరబెట్టినచో సుమారు 94 కిలోలగును. గింజ ఒక్కటియు పోలేదు. పోయినది నీరు.

మనిషి తూనికయు ఇట్టిదే. మనము తినిన పిండిపదార్థములో కొంత కాలేయములోను, కండరములలోను గ్లైకోజెను అను రూపమున నిలువయుండును. దాని ప్రతి గ్రాముతోను సుమారు 3 గ్రాముల నీరు నిలుచును. అన్నము తగ్గించిన మొదటి వారములో ఒకటి రెండు కిలోలు చప్పున తగ్గుటకు ఇదియే కారణము. పెండ్లి విందు, ఊరగాయ, అప్పడములు తినిన మరునాడు అదే నీరు తిరిగి వచ్చును. శరీరములోని కిలో కొవ్వునకు సుమారు 7700 కేలరీలు. ఒక్క విందుతో కిలో కొవ్వు పట్టదు. అట్లే రోజుకు 200 చొప్పున మిగిల్చినచో కిలో కొవ్వు కరగుటకు 38 రోజులు పట్టును. ఈ లోపల నీటి హెచ్చుతగ్గులు దానిని కప్పివేయును.

అందుచే ప్రతిదినము కాటా చూచి సంతోషించుటయు, దుఃఖించుటయు పనికిరాదు. పరగడుపున, కాలకృత్యములు తీర్చుకొనిన పిదప తూగి, వారము రోజుల సగటు తీసి, నాలుగు వారముల క్రిందటి సగటుతో పోల్చవలెను. నడుము కొలత కూడ నెలకొకమారు టేపుతో తీయవలెను. మన దేశపు పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. కాటా కదలక నడుము తగ్గుచున్నచో పని సరిగా జరుగుచున్నదని తెలిసికొనవచ్చును.

కొంత తగ్గి ఆగిపోవుట

ఐదారు కిలోలు తగ్గిన పిదప బరువు నిలిచిపోవుట సాధారణము. ఇది ఒంటి దోషము కాదు. బరువు తగ్గిన శరీరమునకు పోషణ మేత తక్కువ చాలును. పైగా కరవు వచ్చినదని తలచినట్లు శరీరము మరికొంత పొదుపు చేయును. 1944-45 లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులకు 24 వారములు అరకొర తిండి పెట్టి పరీక్షించెను. వారి బరువు నాల్గవ వంతు తగ్గినది. విశ్రాంతిలోని శరీరపు ఖర్చు సుమారు 40 శాతము పడిపోయినది. నీరసముతో పాటు ఎల్లవేళల తిండి ధ్యాసయే పట్టుకొన్నది. పస్తులతో బరువు తగ్గించుకొనదలచువారు ఈ సంగతి గమనింపవలెను. 80 కిలోల నాడు వేసికొనిన లెక్క 74 కిలోల నాడు చెల్లదు. తిరిగి వేసికొని, కొద్దిగా మాత్రమే తగ్గించుకొనవలెను.

ఏమి మార్చవలెను

మార్పు నూనె డబ్బాతో ఆరంభించుట సులభము. నెలకు కావలసిన నూనె ముందుగనే కొలిచి వేరు డబ్బాలో పోసి, అది నెలాఖరు వరకు వచ్చునట్లు చూచుకొనవలెను. అన్నములో నాల్గవ వంతు తగ్గించి, ఆ స్థానమున ఆకుకూర పప్పు, కూరగాయలు, మజ్జిగ, తినువారు గ్రుడ్డు, చేప హెచ్చించవలెను. పప్పు, గ్రుడ్డు వలన ఆకలి నిలుచును, కండ నిలుచును. నడకతో పాటు వారమునకు రెండు మూడు దినములు గుంజీలు తీయుట, బరువులెత్తుట వంటివి చేసినచో కొవ్వుతో పాటు కండ కరగిపోకుండును.

చిరుధాన్యములను గురించి ఒక మాట. మా శాఖయే వానిని ప్రోత్సహించుచున్నది, పండించుట తినుట రెండును మంచివే. కాని జొన్న, రాగి, కొర్రలలోని కేలరీలు బియ్యములోని వానికి ఇంచుమించు సమానము. పీచు ఎక్కువగుటచే కడుపు నిండుగా నుండును. అంతేగాని రెండు కంచముల కొర్రన్నము తినిన బరువు తగ్గదు. గోధుమ రొట్టెకు నూనె రాచి కాల్చినచో అన్నము కంటె తక్కువేమియు కాదు.

మా మండలపు ఉద్యోగి ఇంట నూనె 5 లీటర్ల నుండి 3 లీటర్లకు వచ్చినది. బయటి టీలు మాని, ఇంటి టీలలో పంచదార తీసివేసినారు. రాత్రి అన్నము తూచి తినినారు. నాలుగు నెలలలో 3 కిలోలు, నడుము 5 సెంటీమీటర్లు తగ్గినవి. పెద్ద సంఖ్యలు కావు. కాని అంతకు ముందు నాలుగు నెలలలో అదియును లేదు.

ఆ మధ్యకాలములో వారు నడక మానకుండుట చాల మంచిదైనది. చెన్నైలో జరిగి 2006 లో ప్రకటింపబడిన ఒక భారతీయ పరిశోధనలో, మధుమేహము రాబోవు స్థితిలోనున్న 531 మందిని మూడేండ్లు పరిశీలించిరి. ఆహార నియమము, వ్యాయామము పాటించినవారిలో మధుమేహము వచ్చుట 28.5 శాతము తగ్గినది. వారి బరువు చెప్పుకొనదగినంత తగ్గలేదు. అయినను మేలు కలిగినది. కాటా చూపని లాభము నడకలో కలదనుటకు ఇది నిదర్శనము.

వైద్యుని ఎప్పుడు చూడవలెను

సరుకు లెక్క కూడ సరిచూచి, మూడు నెలలు పాటించినను తూనికలోగాని నడుములోగాని మార్పు లేనిచో వైద్యుని సంప్రదింపవలెను. థైరాయిడ్ లోపము, స్త్రీలలో నెలసరి తప్పుచుండు కొన్ని వ్యాధులు బరువును నిలుపును. ఇన్సులిను, మధుమేహపు కొన్ని బిళ్లలు, మానసిక వ్యాధులకిచ్చు కొన్ని మందులు బరువు పెంచును. కీళ్లనొప్పులకని, ఆయాసమునకని చీటీ లేకుండ కొనుచుండు బిళ్లలలో స్టెరాయిడ్లు ఉండవచ్చును. అవియు ఒళ్లు పెంచును. అయితే చాలకాలము వాడినవానిని ఒక్కసారిగా ఆపుట ప్రమాదము. కాళ్లు వాచి, ఆయాసముతో బరువు పెరుగుచున్నచో అది కొవ్వు కాదు, ఆలస్యము చేయరాదు. మధుమేహమునకు బిళ్లలుగాని ఇన్సులినుగాని వాడువారు, మోతాదు సంగతి వైద్యుని అడుగక ఒక్క పూట కూడ భోజనము మానరాదు. ఆసుపత్రికి పోవునపుడు తిండి పుస్తకమును, నెల సరుకు లెక్కను, ఇంటిలో వాడుచున్న మందుల అట్టలన్నిటిని వెంట తీసికొనిపోవలెను.