డ్రోన్‌కు ఎంత రెక్క కావాలి?



పూర్వ విద్యార్థులైన అన్నలు చందాలేసుకుని మన హాస్టల్‌కు కొనిచ్చిన డ్రోన్ సామానులో ఒక మోటారు మా చేతిలో కాలిపోయింది. ఎందుకు కాలిందో లెక్కతో సహా చెప్పడం మా బాధ్యత.

సామానుతో వచ్చినవి 5 అంగుళాల ప్రొపెల్లర్లు. రెక్క పెద్దదైతే ఎక్కువ బరువు మోస్తుంది కదా అని 6 అంగుళాలవి తెచ్చి బిగించాం. అది సగమే నిజం. ఒకే ఆకారం గల రెక్కలు ఒకే వేగంతో తిరిగితే, పైకెత్తే బలం వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. మోటారు ఇవ్వవలసిన సామర్థ్యం మాత్రం ఐదో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 6ను 5తో భాగిస్తే 1.2. దాని నాలుగో ఘాతం 2.07, ఐదో ఘాతం 2.49. బలం రెట్టింపైంది సరే, మోటారు మీద భారం రెండున్నర రెట్లయింది. కాసేపటికే కాలిన వాసన!

అలాగని పెద్ద రెక్క చెడ్డది కాదు. కొంచెం గాలిని వేగంగా నెట్టడం కన్నా, ఎక్కువ గాలిని మెల్లగా కిందికి నెట్టడానికి ఖర్చు తక్కువ. అదే బరువును గాలిలో నిలపడానికి వ్యాసం రెట్టింపు చేస్తే, ఆదర్శ లెక్క ప్రకారం సగం సామర్థ్యం చాలు. కానీ రెక్క పెరిగితే వేగం తగ్గాలి. మోటారు మీద రాసి ఉండే కేవీ అంకె, భారం లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెబుతుంది. పెద్ద రెక్కకు తక్కువ కేవీ మోటారు పెట్టాలి. మేము రెక్క మార్చి మోటారును అలాగే ఉంచాం. మరో సంగతి, పెద్ద రెక్క వేగాన్ని చటుక్కున మార్చుకోలేదు. అందుకే పందెం డ్రోన్లకు చిన్న రెక్కలే.

ఇప్పుడు తల పైకెత్తి మన సీలింగ్ ఫ్యాను చూడండి. దాని వెడల్పు 1,200 మిల్లీమీటర్లు. 2021 ఏప్రిల్ 19న అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యుయిటీ హెలికాప్టర్ రెక్కలదీ అదే కొలత. దాని బరువేమో 1.8 కిలోలే! అక్కడి గాలి సాంద్రత మన గాలిలో సుమారు నూరో వంతు. అందుకే అంత పెద్ద రెక్కలు రెండు జతలు, నిమిషానికి సుమారు 2,400 చుట్లు తిరగాల్సి వచ్చింది. ఐదుసార్లు ఎగిరితే చాలనుకున్నది 72 సార్లు ఎగిరింది. 2024 జనవరి 18న దిగుతూ రెక్కలు దెబ్బతిని ఆగిపోయింది. దాని ముఖ్య ఇంజినీరు బాబ్ బలరామ్ మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాలలో చదువుకున్నారు.

మా డ్రోన్‌కు మళ్లీ 5 అంగుళాలవే బిగించాం. ఒక మోటారు తక్కువైంది కాబట్టి ప్రస్తుతం అది ఎగరదు. 6 అంగుళాల రెక్కలు స్టడీ హాలు బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఇది మళ్లీ చందా అడగడం కాదండోయ్!