ఒక్క ‘లో’కి ఇంగ్లీషులో మూడు మాటలు

కోలారు బంగారు గనులు (కేజీఎఫ్) 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అప్పటి నుంచి కేజీఎఫ్ కుర్రకారుకు రైలే బతుకుతెరువు. మారికుప్పం, చాంపియన్, ఊర్గాం స్టేషన్లలో ఎక్కి, బంగారపేట మీదుగా రోజూ బెంగళూరుకు పనికెళ్లేవాళ్లు వేలల్లో ఉన్నారు. నరసాపుర, వేమగల్ పారిశ్రామిక వాడలు వచ్చాక కొందరికి ఆ దూరం తగ్గింది. ఇంగ్లీషు ఇంటర్వ్యూ గండం మాత్రం తగ్గలేదు.

కోలారు జిల్లాలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కేజీఎఫ్ వీధుల్లో తమిళమూ వచ్చేస్తుంది. వెల్డింగ్, క్వాలిటీ, ప్రొడక్షన్ లాంటి ఇంగ్లీషు మాటలకూ కొదవలేదు. తడబాటంతా ఇన్, ఆన్, ఎట్, ద, ఫర్, సిన్స్ దగ్గరే. వ్యాకరణం వీటిని ఫంక్షన్ వర్డ్స్ అంటుంది. వీటికి సొంత అర్థం పలచన, మిగతా మాటలను ముడివేయడమే పని. లెక్కకు కొన్ని వందలే, కొత్తవి చేరడమూ అరుదే. అయినా ఏ ఇంగ్లీషు పేజీ తీసినా దాదాపు సగం ఇవే కనిపిస్తాయి.

తెలుగులో ఈ పనిలో చాలా భాగం విభక్తులది. రైల్లో, కారులో, బీఈఎంఎల్ కంపెనీ‌లో... అన్నిటికీ ఒకే ‘లో’. ఇంగ్లీషులో రైలుకు ఆన్, కారుకు ఇన్, ఉద్యోగం చేసే కంపెనీకి ఎట్. తేదీలదీ అదే తంతు: గనులు మూతపడిన సంవత్సరానికి ఇన్, ఫిబ్రవరి 28కి ఆన్. దీనికి తర్కం వెతికేకన్నా జంటలుగా నోటికి పట్టించుకోవడమే మేలు.

అనుభవం గురించి అడిగినప్పుడు ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అనేవాళ్లే ఎక్కువ. సిన్స్ తర్వాత మొదలైన కాలం రావాలి, గడిచిన కాలానికి ఫర్. కాబట్టి ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’. ‘డిస్కస్ ఎబౌట్’లో ఎబౌట్ దండగ.

ఇలాంటి పొరపాట్లను ఇంటర్వ్యూ చేసేవారు చూసీచూడనట్టు వదిలేయొచ్చు. గడువు దగ్గర ఆ వెసులుబాటు ఉండదు. సర్టిఫికెట్లు ‘బై మండే’ ఇమ్మంటే సోమవారం దాటకుండా ఎప్పుడైనా ఇవ్వొచ్చు. కౌంటర్ ‘టిల్ మండే’ అంటే సోమవారం దాకా తెరిచే ఉంటుంది. ‘ఆన్ మండే’ అంటే ఆ ఒక్క రోజే.

ఫోన్ ఇంటర్వ్యూలో ఇంకో చిక్కు: ఈ చిన్న మాటలను గబగబా మింగేస్తారు. ‘వాట్ డూ యూ డూ’లో మొదటి డూ దాదాపు వినపడదు, ఒత్తంతా చివరిదాని మీదే.

సాధనకు పుస్తకాలు కొననక్కర్లేదు. ఇంగ్లీషు పేపర్లో ఒక ఉద్యోగ ప్రకటన తీసుకుని, చిన్న మాటలన్నీ ఖాళీ వదిలి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. మర్నాడు రైల్లో వాటిని నింపి, అసలు ప్రకటనతో సరిచూసుకోవచ్చు.